వంద గ్రాముల భారజలం: తిరుపతిలో నడిచిన ప్రాజెక్టు డైరీ

సరుకు: భారజలం, అంటే మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు. 25 గ్రాముల సీసాలు నాలుగు. చీటీ మీద 99.9 పరమాణు శాతం డ్యుటీరియం అని ఉంది. మొత్తం కలిపితే దాదాపు 90 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుకు కాస్త తక్కువ. దీంతో సాంద్రత, చిక్కదనం, గడ్డకట్టే ఉష్ణోగ్రత, మునిగే మంచు, మొలకలు, చివరగా విద్యుద్విశ్లేషణ చేయాలన్నది పథకం. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ప్రతి ప్రయోగం భారజలంలో ఎంతో కొంత మామూలు నీటిని కలుపుతుంది, కలిసిన నీటిని మన బల్ల మీద విడదీయడం దాదాపు అసాధ్యం. అందుకే సరుకును చెడగొట్టని పనులు ముందు, చెడగొట్టేవి తర్వాత అని వరుస వేశాం. ఒక ప్రయోగంలో పలచబడింది తర్వాతి ప్రయోగానికి ముడిసరుకు కావాలి. డైరీ మార్జిన్‌లో ప్రతి రోజూ రెండు అంకెలు: ఎన్ని గ్రాములు, ఎంత శాతం.

నవంబరు 4. పెట్టె సిద్ధం చేయడం

నెల ఎంపికే సరిగ్గా కుదరలేదు. ఈశాన్య రుతుపవనాల కాలం, శేషాచలం మీద మబ్బు దిగితే గదిలో తేమ 80 శాతం దాకా పోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నాలైతే ఈ పనికి ఎంతో నయం. ఏసీ వేసి తేమను 60-70 మధ్యకు తెచ్చాం.

భారజలానికి గాలిలోని తేమే శత్రువు. సీసా తెరిచి ఉంటే భారజలపు ఆవిరి బయటికి పోతుంది, మామూలు నీటి ఆవిరి లోపలికి దిగుతుంది. దీనికోసం మూత గట్టిగా పడే 20 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె, అడుగున అర కేజీ సిలికా జెల్, పక్కన రెండు రంధ్రాలకు రబ్బరు చేతితొడుగులు. జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు వేడి చేసి, మూత పెట్టి చల్లార్చాకే పెట్టెలో పోశాం. లోపల తేమ 15 శాతానికి దిగడానికి గంటన్నర పట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సిలికా జెల్‌కు మామూలు నీరు, భారజలం అన్న తేడా తెలియదు. మూత తీసిన భారజలాన్ని జెల్ పక్కన వదిలేస్తే దాన్నీ పీల్చుకుంటుంది. పెట్టె లోపలైనా సరే, పిపెట్ ముంచిన వెంటనే మూత పెట్టాల్సిందే. వీలైతే మూత బదులు రబ్బరు సెప్టం బిగించి సూదితో తీసుకోవడం ఉత్తమం. ఫ్రిజ్‌లో ఉన్న సీసాను తీసి వెంటనే తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చల్లటి మెడ లోపల మంచు బిందువులు పట్టి నేరుగా సరుకులోకి జారతాయి.

సీసాల మీద పెద్ద అక్షరాలతో "భారజలం, తాగరాదు, కడగడానికి వాడరాదు" అని అంటించాం. తాగితే విషమని కాదు. రంగూ వాసనా లేని ద్రవం బల్ల మీద ఉంటే ఎవరో ఒకరు డిస్టిల్డ్ వాటర్ అనుకుని బీకర్ కడిగేస్తారు.

నవంబరు 5, 6. సాంద్రత

10 మిల్లీలీటర్ల సాంద్రత సీసా, 1 మిల్లీగ్రాము చూపే తూకం, 27.0 డిగ్రీల దగ్గర నిలిపిన 15 లీటర్ల నీళ్ల బకెట్. పద్ధతి పాతదే: ఖాళీ సీసా, మామూలు నీటితో సీసా, భారజలంతో సీసా. సీసా మీద చెక్కిన ఘనపరిమాణపు అంకెను నమ్మకుండా మామూలు నీటితో పోల్చితే గాజు తేడాలు, గాలి తేలింపు చాలావరకు కొట్టుకుపోతాయి.

"మామూలు నీరు" అంటే కుళాయి నీరు కాదు. తిరుపతి బోరు నీళ్లలో లీటరుకు అర గ్రాము ఉప్పులు ఉంటే చాలు, సాంద్రత సుమారు 0.0004 పెరుగుతుంది. మన లెక్కలో అది 0.3 శాతం పైచిలుకు భారజలంతో సమానం. రెండుసార్లు స్వేదనం చేసిన నీటినే వాడాం.

మొదటి రోజు మూడు తూకాలు మూడు రకాలుగా వచ్చాయి: లెక్క కడితే 98.9, 99.5, 99.2 శాతం. కారణాలు వెతికితే మూడూ దొరికాయి. ఒకటి, సీసా గోడకు అంటిన 2 మిల్లీమీటర్ల గాలి బుడగ. దాని ఘనపరిమాణం 4 మైక్రోలీటర్లే, కానీ తూకంలో 4.6 మిల్లీగ్రాములు, అంటే 0.4 శాతం తప్పు. రెండు, బిరడాను వేళ్లతో పట్టుకోవడం వల్ల ద్రవం వేడెక్కి సన్న రంధ్రం గుండా పొంగడం. మూడు, అసిటోన్‌తో కడిగాక సీసా పూర్తిగా ఆరకపోవడం. సీసా గోడకు 50 మిల్లీగ్రాముల మామూలు నీరు మిగిలితేనే అర శాతం పోతుంది.

రెండో రోజు సరిచేసిన పద్ధతి: భారజలాన్ని ముందుగా 20 మిల్లీలీటర్ల సిరంజిలోకి తీసి, ముక్కు మూసి, పిస్టన్‌ను వెనక్కి లాగి పట్టుకోవాలి. కరిగిన గాలి బుడగలుగా పైకి వస్తుంది, దాన్ని బయటికి తోసేసి మళ్లీ లాగాలి. ఇలా నాలుగుసార్లు. సీసాను అసిటోన్, ఆ తర్వాత పొడి గాలి, ఆ తర్వాత అర మిల్లీలీటరు భారజలంతోనే ఒకసారి తొలిచి, ఆ చుక్కలను "పలచనివి" అని రాసిన వేరే సీసాలో పోయాలి. సాంద్రత సీసాను ఓవెన్‌లో మాత్రం పెట్టకూడదు. బకెట్‌లో 20 నిమిషాలు ఉంచాక, కాగితంతో పట్టుకుని తీసి, తుడిచి, తూచాలి.

ఖాళీ సీసా 12.316 గ్రాములు. మామూలు నీటితో 22.354. భారజలంతో 23.437. అంటే 10.038కి 11.121; 27 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9965 కాబట్టి భారజలానిది 1.1040. తూకం అనుమతించినంత మేర చీటీ మీది 99.9 శాతంతో సరిపోయింది. ఒక శాతం మామూలు నీరు కలిస్తే ఈ సీసాలో 11 మిల్లీగ్రాముల దాకా తగ్గుతుంది, కాబట్టి ఈ పద్ధతి 0.1 నుంచి 0.2 శాతం దాకా నమ్మదగినది. ప్రాజెక్టు మొత్తానికి ఇదే మా కొలబద్ద.

ఎందుకింత బరువు? డ్యుటీరియం కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. నీటి అణువు 18 నుంచి 20కి పెరుగుతుంది, కానీ అణువులు ఆక్రమించే చోటు దాదాపు మారదు. 11 శాతం బరువు పెరిగి, చోటు అంతే ఉంటే సాంద్రత దాదాపు ఆ 11 శాతమే పెరుగుతుంది.

శాతం గురించి ఒక హెచ్చరిక. బరువు శాతం, అణు శాతం ఒకటి కావు. సగం సగం తూచి కలిపితే అణువుల లెక్కన 47.4 శాతమే అవుతుంది. ఘనపరిమాణంతో కొలిచి కలిపితే మాత్రం అణు శాతానికి చాలా దగ్గరగా వస్తుంది. ఇకపై ఈ డైరీలో శాతం అన్న ప్రతిచోటా అణు శాతమే.

నవంబరు 8. చిక్కదనం, వక్రీభవనం

అదే 10 మిల్లీలీటర్లను ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటర్‌లో (ద్రవం సన్న గొట్టం గుండా దిగే సమయంతో చిక్కదనం కొలిచే పరికరం) పోశాం, బకెట్ ఈసారి 25.0 డిగ్రీలు. మామూలు నీరు 92.4 సెకన్లు, భారజలం 102.6 సెకన్లు. తేడా 11 శాతమే. పుస్తకాల్లో భారజలం చిక్కదనం 23 శాతం ఎక్కువని ఉంటుంది. ఇక్కడే చాలామంది విస్కోమీటర్‌ను అనుమానిస్తారు. తప్పు దానిది కాదు. ఈ గొట్టంలో ద్రవాన్ని కిందికి లాగేది దాని సొంత బరువే, భారజలం బరువెక్కువ కాబట్టి కాస్త వేగంగా లాగబడుతుంది. సమయాల నిష్పత్తిని సాంద్రతల నిష్పత్తితో గుణించాలి: 1.110ని 1.108తో గుణిస్తే 1.23.

కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం 20 డిగ్రీల దగ్గర 1.3284, మామూలు నీటిది 1.3330. ఆబ్బే రిఫ్రాక్టోమీటర్‌లో తేడా తెలుస్తుంది. చెరకు రసానికి, పండ్లకు వాడే చేతి బ్రిక్స్ మీటర్ ఇక్కడ పనికిరాదు, దాని సున్నా మామూలు నీటి దగ్గరే మొదలవుతుంది, భారజలం గీత స్కేలు కిందికి జారిపోతుంది.

నిల్వ: మొదటి సీసా నుంచి 22 గ్రాములు తిరిగి దక్కాయి, 99.3 శాతం. గొట్టాల గోడలు, గాలి కలిసి 0.6 శాతం తినేశాయి.

నవంబరు 10, 11. గడ్డకట్టడం

భారజలం 3.82 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 101.4 దగ్గర మరుగుతుంది. మరిగించి చూపడం దండగ, ఆవిరి పోతుంది, తేమ చేరుతుంది. గడ్డకట్టడం మాత్రం మూసిన గొట్టంలోనే చూపించవచ్చు, సరుకు చెడదు.

6 గ్రాముల భారజలాన్ని పరీక్షనాళికలో పోసి, సన్నటి స్టీలు తొడుగున్న ఉష్ణోగ్రత సెన్సార్‌ను రబ్బరు బిరడా గుండా దించి, టెఫ్లాన్ టేపుతో బిగించాం. సెన్సార్‌ను ముందు డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన మంచు ముద్దలో సరిచూస్తే 0.3 చూపించింది. అంటే ప్రతి అంకెలోంచి 0.3 తీసేయాలి. ఈ సవరణ లేకుండా 3.8ని నిరూపించబోతే నవ్వులపాలే.

గొట్టాన్ని మంచు నీటిలో పెడితే గడ్డకట్టలేదు! 25 నిమిషాలకు 0.4 డిగ్రీల దాకా ద్రవంగానే దిగింది. ఇది అతిశీతలీకరణ, శుభ్రమైన గాజులో, శుభ్రమైన ద్రవానికి స్ఫటికం మొదలవడానికి ఆనవాలు దొరకదు. ఉప్పు కలిపిన మంచులో చల్లబరిచిన ఇనుప కడ్డీ కొనను గొట్టం బయటి గోడకు, ద్రవ మట్టం దగ్గర ఆనించాం. అక్కడ ఒక తెల్లటి చుక్క పుట్టి సూదుల్లా కిందికి పాకింది. సెన్సార్ క్షణాల్లో 0.4 నుంచి పైకి ఎగిరి, సవరణ తర్వాత 3.8 దగ్గర 12 నిమిషాలు కదలకుండా నిలబడింది. గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడే ఆ ఎగురు.

ఆ తర్వాత గొట్టాన్ని 2 డిగ్రీల చల్లటి నీళ్ల గ్లాసులో నిలబెడితే, బయట నీరు నీరుగానే ఉంది, లోపల నీరు రాయిలా ఉంది. విద్యార్థులకు చూపించడానికి దీన్ని మించినది లేదు, పైగా ఒక్క చుక్క ఖర్చు కాదు. గొట్టంలో పై పదో వంతు ఖాళీ వదలాలి. గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం 8 నుంచి 9 శాతం పెరుగుతుంది, నిండుగా పోస్తే గాజు పగులుతుంది.

శుద్ధత తేల్చడానికి ఈ కొలత పనికిరాదు. ఒక శాతం మామూలు నీరు కలిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత మారేది 0.04 డిగ్రీలు.

నవంబరు 13. మునిగే మంచు

అందరూ అడిగేది ఇదే, ఎక్కువ విఫలమయ్యేదీ ఇదే. భారజలపు మంచు సాంద్రత సుమారు 1.018. చల్లటి నీటిది 1.000. తేడా రెండు శాతం కూడా లేదు. అంటే గడ్డలో రెండు శాతం గాలి బుడగలుంటే అది హాయిగా తేలుతుంది.

మొదటి గడ్డ, 5 గ్రాములు, సిలికాన్ అచ్చులో పోసి డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టాం. మధ్యలో తెల్లటి మబ్బులాంటి బుడగలు. నీళ్లలో వేస్తే సగం మునిగి, ఆగి, మళ్లా పైకి వచ్చి తేలింది. బుడగలు ఒక కారణం, రెండోది తర్వాత లెక్క కట్టాక తెలిసింది. మైనస్ 18 డిగ్రీల గడ్డను చల్లటి మామూలు నీటిలో వేస్తే, గడ్డ తనలోని చలితో చుట్టూ ఉన్న నీటిని తన మీదే గడ్డకట్టిస్తుంది. 5 గ్రాముల గడ్డకు సుమారు అర గ్రాము మామూలు మంచు తొడుగు పడుతుంది. ఆ తొడుగు తేలికది. మొత్తం సాంద్రత 1.018 నుంచి 1.007కి పడిపోతుంది, ఇంక బుడగలు ఏమాత్రం ఉన్నా తేలడమే.

రెండో గడ్డకు: సిరంజితో గాలి లాగడం ఆరుసార్లు. అచ్చును థర్మోకోల్ పెట్టెలో పెట్టి పైన మాత్రమే తెరిచి నెమ్మదిగా గడ్డకట్టించడం, అప్పుడు బుడగలు ఒక చివరకు చేరతాయి. ఆ చివరను వేడి చాకుతో కోసేయవచ్చు. అచ్చు మీద పాలిథిన్ కాగితం బిగించడం, ఎందుకంటే ఫ్రీజర్ గోడలకు పట్టే మంచంతా మామూలు నీరే. చివరగా, వేసే ముందు గడ్డను మూసిన సంచిలో 1 డిగ్రీ నీటిలో 20 నిమిషాలు ఉంచడం. 45 మిల్లీలీటర్ల నీటిలో వేస్తే నిదానంగా, నూనెలో రాయి దిగినట్టు, అడుగుకు దిగి అక్కడే కూర్చుంది. చుట్టూ కరుగుతున్న భారజలం అద్దం మీద వేడి గాలి అలల్లా అడుగునే పాకుతూ కనిపించింది. పక్క నుంచి టార్చ్ వేస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

రెండు బీకర్ల నీటినీ పారబోయలేదు. 9 శాతం భారజలమున్న దాదాపు 99 మిల్లీలీటర్లు, "పలచనివి" సీసాలోకి.

నవంబరు 15, 16. మూత తెరిచి 24 గంటలు

శుద్ధత ఎంత వేగంగా పోతుందో అంకెల్లో చూడాలని కావాలనే చేసిన నష్టం. 25 మిల్లీమీటర్ల నోరున్న చిన్న సీసా, అంచు నుంచి 3 సెంటీమీటర్ల కిందికి 12.00 గ్రాముల భారజలం, గదిలో తేమ 70 శాతం, ఫ్యాన్ లేదు. మరుసటి రోజు తూకం 11.87 గ్రాములు. ఒక్క శాతం తగ్గింది, ఏముందిలే అనిపిస్తుంది. సాంద్రత చూస్తే 1.0982, అంటే 94.6 శాతం!

లెక్క విప్పితే: 0.71 గ్రాముల భారజలం బయటికి పోయింది, 0.58 గ్రాముల మామూలు నీరు లోపలికి వచ్చింది. తూకం మాత్రమే చూసేవాడికి ఈ దొంగతనం కనబడదు. అదే వెడల్పాటి పెట్రీ గిన్నెలో అయితే ఈ నష్టం గంటలోనే జరుగుతుంది.

రియాక్టర్ల వాళ్లకు ఈ అంకె ఎలా కనిపిస్తుందో చెప్పాలంటే, అణు రియాక్టర్ స్థాయి భారజలం కనీసం 99.75 శాతం ఉండాలి. సహజ యురేనియంలో చీలే యురేనియం 235 కేవలం 0.7 శాతం, ఒక్క న్యూట్రాన్ కూడా వృథా కాకూడదు. న్యూట్రాన్లను నెమ్మదింపజేయడంలో మామూలు హైడ్రోజన్ మేటి, కానీ వాటిని మింగడంలో డ్యుటీరియం కంటే దాదాపు 640 రెట్లు ఆకలి గలది. మన 94.6 శాతం నీటితో సహజ యురేనియం రియాక్టర్ నడవదు. అందుకే ఆ కేంద్రాల్లో కారిన ఆవిరిని గాలిలోంచి పట్టే పొడిబార్చే యంత్రాలు, పలచబడిన దాన్ని మళ్లీ చిక్కబరిచే స్వేదన స్తంభాలు పక్కనే ఉంటాయి.

నవంబరు 18 నుంచి 25. రాగి మొలకలు

పలచబడిన 94.6 శాతం సరుకు ఇక్కడ పనికొచ్చింది. 5 మిల్లీలీటర్ల చొప్పున మిశ్రమాలు: 75 శాతానికి 3.96 మి.లీ. సరుకు, 1.04 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 50కి 2.64, 2.36, 25కి 1.32, 3.68. 99 శాతానికి రెండో సీసాలోని తాజాది. కలిపిన వెంటనే హైడ్రోజన్, డ్యుటీరియం అణువుల మధ్య చేతులు మారతాయి. 50 శాతం మిశ్రమంలో నిజానికి దాదాపు సగం అణువులు ఒక హైడ్రోజన్, ఒక డ్యుటీరియం ఉన్న మధ్యరకం. "సగం భారజలం, సగం మామూలు నీరు" పక్కపక్కన ఉండవు.

పెసలు మొదట అనుకుని వదిలేశాం. 20 పెసలు పీల్చే నీరే ఎక్కువ, గింజలో ఉన్న తేమ, పిండిపదార్థంలోని హైడ్రోజన్ కలిసి శాతాన్ని కిందికి లాగుతాయి. రాగి గింజ మూడు మిల్లీగ్రాములు కూడా ఉండదు; 30 గింజలకు, చిన్న ఫిల్టర్ పేపర్ మీద 1 మిల్లీలీటరు సరిపోతుంది.

మొదటి విడత మొత్తం పారబోయాల్సి వచ్చింది. ఐదు గిన్నెలనూ మూత బిగించే ఒకే డబ్బాలో పెట్టాం, తేమ ఆరిపోకుండా. మూడో రోజు అనుమానం వచ్చి చూస్తే 99 శాతం గిన్నెలో నీరు పలచబడింది, సున్నా శాతం గిన్నెలోకి డ్యుటీరియం చేరింది. ఒకే గాలిలో ఉన్న గిన్నెలు ఆవిరి ద్వారా మాట్లాడుకుంటాయి. రెండో విడతలో ఒక్కో గిన్నెకు పారాఫిల్మ్ చుట్టి, వేరువేరు జిప్ సంచుల్లో, సంచిలో అదే మిశ్రమం తడిపిన దూదితో పెట్టాం.

28 డిగ్రీల దగ్గర, 30 గింజలకు మొలిచినవి, 48 గంటలకు: మామూలు నీటిలో 28, 25 శాతంలో 26, 50లో 11, 75లో సున్నా, 99లో సున్నా. ఆరో రోజుకు 50లో 23, 75లో 4, 99లో సున్నా. గింజలు ఉబ్బాయి తప్ప వేరు రాలేదు. 25 శాతంలో మొలిచినవాటి వేరు మామూలువాటిలో సగం. ఒక్కో శాతానికి ఒక్క గిన్నే కాబట్టి ఇవి దిశ చూపే అంకెలు, అంతే. వేరే పంటకు ఇవే వస్తాయనుకోకూడదు. 99 శాతం గిన్నెలోని గింజలను కడిగి మామూలు నీటిలో వేస్తే నాలుగు రోజుల్లో 17 మొలిచాయి. అంటే భారజలం గింజను చంపలేదు, ఆపింది. డ్యుటీరియం బంధం తెగడానికి ఎక్కువ శక్తి కావాలి, దాంతో ఎంజైముల పనులు మందగిస్తాయి. శుద్ధమైన భారజలాన్ని 1933లో మొదట వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ పొగాకు గింజలతో చేసిన తొలి పరీక్షల్లోనూ మొలకలు రాలేదు.

మనుషుల సంగతి ఈ సందర్భంలోనే ఎవరో ఒకరు అడుగుతారు. కొత్త భారజలానికి రేడియోధార్మికత లేదు, డ్యుటీరియం స్థిరమైన ఐసోటోప్. రియాక్టర్‌లో వాడినదాంట్లో మాత్రం న్యూట్రాన్లు పడి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ తయారవుతుంది, దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అది వేరే జాగ్రత్తల లోకం. క్షీరదాల్లో ఒంట్లోని నీటిలో నాలుగో వంతు దాకా భారజలమైతే సంతానోత్పత్తి దెబ్బతింటుంది, సగమైతే ప్రాణం పోతుంది. 60 కేజీల మనిషిలో 35 లీటర్ల నీరుంటే, ఐదో వంతుకే 7 లీటర్లు తాగాలి. రసాయన శాస్త్రవేత్త జార్జ్ హెవెసీ 1934లో పలచని భారజలం తాగి ఒంట్లో నీరు ఎన్నాళ్లుంటుందో కొలిచాడు. ఇప్పటికీ పోషకాహార పరిశోధనల్లో డ్యుటీరియం, ఆక్సిజన్ 18 కలిపిన నీటిని కొద్దిగా తాగించి, మనిషి రోజుకు ఖర్చు చేసే శక్తిని లెక్కిస్తారు. నాలుకకు కాస్త తియ్యగా ఉంటుందని 2021లో వచ్చిన పరిశోధన తేల్చింది. ప్రయోగశాల సీసాలోంచి రుచి చూడడం మాత్రం ససేమిరా, ఆ పిపెట్ నిన్న దేంట్లో మునిగిందో ఎవరికీ తెలియదు.

నవంబరు 27. పరారుణ వర్ణపటం, పీహెచ్

పరిచయమున్న ఒక ప్రయోగశాలలో పరారుణ యంత్రం మీద ఒక చుక్క వేశాం. మామూలు నీటి వర్ణపటంలో 3400 తరంగసంఖ్య (సెం.మీ.⁻¹) దగ్గరి వెడల్పాటి పట్టీ భారజలంలో 2500కి జరుగుతుంది. మామూలు నీరు కలిసిన కొద్దీ 3400 దగ్గర, 1450 దగ్గర గుబ్బలు లేస్తాయి. చుక్క తెరిచి ఉంటే ప్రతి నిమిషానికీ ఆ గుబ్బ పెరగడం తెర మీదే కనిపిస్తుంది, మొదటి స్కాన్ ముప్పై సెకన్లలో అయిపోవాలి. నమూనాను పట్టే ఉప్పు కిటికీలు నీటికి కరుగుతాయి, కాల్షియం ఫ్లోరైడ్ కిటికీలు వాడాలి.

పీహెచ్ మీటర్ చూపే అంకెకు 0.4 కలిపితే పీడీ, అంటే భారజలంలో పీహెచ్‌కు బదులు వాడే కొలత, వస్తుంది. తటస్థ భారజలం పీడీ 7.4 దగ్గర, 7 కాదు. ఎలక్ట్రోడ్‌ను నిల్వ ద్రవంలోంచి తీసి నేరుగా ముంచితే దానికి అంటిన నీరే సరుకును పాడుచేస్తుంది.

డిసెంబరు 1 నుంచి 3. విద్యుద్విశ్లేషణ

సహజ నీటిలో 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. టన్ను నీటిలో ఉన్నదంతా పిండినా 170 గ్రాముల భారజలం. కల్యాణి డ్యామ్ నీటిని ఒక లీటరు తీసుకుని 5 ఆంపియర్లతో 50 మిల్లీలీటర్లకు తగ్గించాలంటే దాదాపు 24 రోజులు, 7 యూనిట్ల కరెంటు. వచ్చే డ్యుటీరియం 0.2 శాతం లోపే. మా తూకంలో 2 మిల్లీగ్రాముల తేడా. అందుకే మామూలు నీటితో మొదలుపెట్టలేదు. "పలచనివి" సీసాలో పోగైనదాన్ని స్వేదనం చేసి తూస్తే 1.0073, సరిగ్గా 10 శాతం. అందులోంచి 60 మిల్లీలీటర్లు తీశాం.

కరెంటు పారినప్పుడు కాథోడ్ దగ్గర మామూలు హైడ్రోజన్ ముందు వాయువై పోతుంది, డ్యుటీరియం వెనకబడి ద్రవంలో మిగులుతుంది. పంజాబ్‌లోని నంగల్‌లో 1962లో వచ్చిన మన దేశపు మొదటి భారజల కర్మాగారానికి మూలం ఇదే. భాక్రా కరెంటు చవకగా ఉన్న రోజులవి. గోదావరి ఒడ్డున మణుగూరులో పద్ధతి వేరు: నీటికి, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మధ్య చల్లటి స్తంభంలో, వేడి స్తంభంలో జరిగే మార్పిడి. ఆ వాయువు ప్రాణాంతకం, బల్ల మీద ఎవరూ ప్రయత్నించేది కాదు.

మా ఘటం: 100 మిల్లీలీటర్ల పాలీప్రొపైలీన్ బీకర్, మూతకు సన్న గొట్టం, 1.2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్, 4 ఆంపియర్లు, ఒక్కో పలక 40 చదరపు సెంటీమీటర్లు. మొదట రెండు పలకలూ స్టెయిన్‌లెస్ స్టీల్. రెండు గంటల్లో ద్రవం పసుపు తిరిగింది. ఆనోడ్‌లోని క్రోమియం కరిగి క్రోమేట్ అవుతోంది, అది విషం. వెంటనే ఆపి, ఆ ద్రవాన్ని మూత బిగించిన సీసాలో వ్యర్థంగా పక్కన పెట్టి, మరో 60 మిల్లీలీటర్లతో, రెండు నికెల్ పలకలతో మళ్లీ మొదలు. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, ఆ ఆలోచనే వద్దు.

4 ఆంపియర్లకు గంటకు 1.8 లీటర్ల హైడ్రోజన్, దానికి తోడు సగం ఆక్సిజన్, రెండూ కలిసే వస్తాయి. ఆ మిశ్రమానికి చిన్న నిప్పురవ్వ చాలు. గొట్టం కిటికీ బయటికి, గదిలో స్విచ్‌లు వేయడం తీయడం లేదు, దీపం, అగరుబత్తి అసలే లేదు, వాయువును ఏ సీసాలోనూ పట్టడం లేదు. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. క్షారపు తుంపర మూత సందుల్లోంచి వస్తుంది. ఘటాన్ని చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టాం, వేడెక్కితే వేర్పాటూ తగ్గుతుంది, ఆవిరీ పోతుంది.

31 గంటలకు 15 మిల్లీలీటర్లు మిగిలింది. 124 ఆంపియర్-గంటలకు ఖర్చవ్వాల్సింది 42 మిల్లీలీటర్లే. తగ్గింది 45. తేడా 3 మిల్లీలీటర్లు ఆవిరిగా, తుంపరగా పోయాయి.

డిసెంబరు 5. స్వేదనం, లెక్క

మిగిలిన ద్రవాన్ని 5 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి తూస్తే 5.54 గ్రాములు. సాంద్రత 1.108! స్వచ్ఛమైన భారజలం కంటే ఎక్కువ. ఒక్క చూపుకు ఘన విజయంలా ఉంటుంది. నిజానికి అది క్షారం బరువు, 1.2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ 15 మిల్లీలీటర్లలోకి చేరుకుంది.

స్వేదనం చేయకుండా తూచకూడదు. 50 మిల్లీలీటర్ల ఫ్లాస్క్, మూడు పింగాణీ ముక్కలు, కండెన్సర్ చివర కాల్షియం క్లోరైడ్ గొట్టం. అడుగంటేదాకా మరిగించకూడదు, చిక్కటి క్షారం ఎగిరిపడుతుంది, గాజును తినేస్తుంది. ఒకటిన్నర మిల్లీలీటర్లు వదిలేశాం. మామూలు నీరు కాస్త ముందు ఆవిరవుతుంది కాబట్టి మొదటి చుక్కలను విడిగా తూస్తే తక్కువ చూపుతుంది, వచ్చినదంతా కలిపి తూచాలి. సాంద్రత సీసా 22.646 గ్రాములు, లెక్క 1.0255, అంటే 27 శాతం.

10 నుంచి 27కి. 60 మిల్లీలీటర్లలో ఉన్న డ్యుటీరియంలో మూడో వంతు వాయువుతో పాటు కిటికీ బయటికి పోయింది. వేర్పాటు గుణకం, అంటే డ్యుటీరియం కంటే మామూలు హైడ్రోజన్ ఎన్ని రెట్లు సులువుగా వాయువై పోతుందన్నది, 4 దగ్గర తేలింది. చల్లటి ఘటంలో 6 దాకా వస్తుంది, మాది పగలు 45 డిగ్రీలకు ఎక్కింది. 27 నుంచి 90కి ఇదే దారిలో పోతే చేతిలో మిగిలేది ఒకటి రెండు మిల్లీలీటర్లు.

నిల్వ పట్టిక: తెరవని సీసా 25 గ్రాములు, 99.9. మూడో సీసాలో 13 గ్రాములు, 99.8. తిరిగి దక్కిన 22 గ్రాములు, 99.3. గడ్డకట్టే గొట్టం 6 గ్రాములు, మూసి ఉంది, అలాగే ఉంచుతాం. రెండో సీసా అడుగున 5 గ్రాములు, 99.4. 27 శాతానిది 13 మిల్లీలీటర్లు. వచ్చే విడత ఏప్రిల్‌లో, ఘటం చుట్టూ మంచు నీటి గొట్టం చుట్టి, వాయువు దారిలో చిన్న కండెన్సర్ పెట్టి.